బడ్జ్ బడ్జ్ నుంచి మెషిన్ లెర్నింగ్: కోల్‌కతా విశ్వవిద్యాలయాల్లో శాస్త్రాల నడుమ దారులు

బడ్జ్ బడ్జ్ పేరు చరిత్ర పుస్తకాల్లో రెండు చోట్ల తగులుతుంది. పాశ్చాత్య దేశాల యాత్ర ముగించుకొని వచ్చిన వివేకానందుడు 1897 ఫిబ్రవరిలో ఇక్కడ ఓడ దిగి సియాల్దాకు రైలెక్కాడు. 1914 సెప్టెంబరులో కోమగాటా మారు ఓడ ప్రయాణికుల మీద కాల్పులు జరిగింది ఇక్కడే. రైల్వే స్టేషన్‌కు ఇప్పుడు ఆ ఓడ పేరే పెట్టారు. ఈ రెండూ పక్కన పెడితే ఇది జూట్ మిల్లుల ఊరు, చమురు ట్యాంకుల ఊరు. కోల్‌కతాకు నైరుతి దిక్కున, హుగ్లీ తూర్పు ఒడ్డున, దక్షిణ 24 పరగణాల జిల్లాలో ఉంది. హుగ్లీ తీరం పొడవునా ఉన్న మిల్లులకు ఒకప్పుడు గంజాం, విశాఖ జిల్లాల నుంచి తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో వెళ్లారు. నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లులను ఎరిగినవాళ్లకు ఇక్కడి ఇటుక గోడలు, సైరన్లు కొత్తగా అనిపించవు.

ఇలాంటి ఊళ్లో ఉండి ఇంజినీరింగో, వైద్యమో, భూగోళమో, కామర్సో, భాషాశాస్త్రమో చదువుకునే విద్యార్థికి మెషిన్ లెర్నింగ్ నేర్చుకునే దారులు ఎక్కడెక్కడ ఉన్నాయన్నది ఈ వ్యాసం విషయం. నియమాలన్నీ మనిషి రాసివ్వకుండా, ఉదాహరణల నుంచి యంత్రమే వాటిని రాబట్టుకునేలా చేసే గణిత పద్ధతులను మెషిన్ లెర్నింగ్ అంటున్నారు. ఇది కంప్యూటర్ సైన్స్ శాఖ సొత్తు అన్న అభిప్రాయం మన దగ్గర ఇంజినీరింగ్ కౌన్సెలింగుల రోజుల్లో బాగా బలపడింది. కోల్‌కతాలో ఈ విద్య ఎలా పుట్టిందో చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. అక్కడ ఇది మానవశాస్త్రం, వ్యవసాయం, ధ్వనిశాస్త్రం అడిగిన ప్రశ్నల నుంచి పుట్టింది. కంప్యూటర్ తరవాత వచ్చింది.

కొలతలు, నార, అచ్చులు

1920లో నాగపూర్‌లో సైన్స్ కాంగ్రెస్ జరిగింది. జువలాజికల్ సర్వే డైరెక్టర్ నెల్సన్ అన్నండేల్ అక్కడ ప్రశాంతచంద్ర మహలనబిస్‌కు ఒక పని అప్పగించాడు. మహలనబిస్ అప్పటికి కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతున్నాడు. కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు అన్నండేల్ దగ్గర పోగుపడి ఉన్నాయి. వాటిలోంచి ఏం తేలుతుందో చూసి చెప్పాలి. 1922లో మొదటి వ్యాసం వచ్చింది. ఎత్తు, తల పొడవు, ముక్కు వెడల్పు లాంటి కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. విడివిడిగా తేడాలు తీసి కూడితే ఒకే సంగతిని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. ఆ ముడిని కూడా లెక్కలోకి తీసుకొని రెండు గుంపుల మధ్య ఎడం ఎంతో చెప్పే సూత్రాన్ని మహలనబిస్ 1936లో ప్రకటించాడు. నేటి మెషిన్ లెర్నింగ్ పాఠ్యపుస్తకాల్లో కనిపించే ‘మహలనబిస్ దూరం’ అదే. ఫ్యాక్టరీ సెన్సర్ రీడింగుల్లో తేడాగా ఉన్నదాన్ని పట్టుకోవడానికి ఇప్పటికీ అది పనికొస్తోంది.

ఆయన స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ 1931 డిసెంబరులో ప్రెసిడెన్సీ కాలేజీలోని ఒక గదిలో మొదలైంది. దానికి తొలినాళ్లలో పేరు తెచ్చిన పెద్ద పనుల్లో ఒకటి నేరుగా బడ్జ్ బడ్జ్ మిల్లుల ముడిసరుకుకు సంబంధించినది. బెంగాల్‌లో ఏ ఏడు ఎన్ని ఎకరాల్లో జూట్ వేశారో ఎవరికీ సరిగా తెలిసేది కాదు. మిల్లుల కొనుగోళ్లు, ధరలు, రైతు గతి అన్నీ ఆ అంకె మీద ఆధారపడి ఉండేవి. 1937లో ఇండియన్ సెంట్రల్ జూట్ కమిటీ ఆసరాతో నమూనా సర్వే మొదలైంది. చేలన్నీ తిరగకుండా, యాదృచ్ఛికంగా ఎంచిన చిన్న చిన్న గళ్లలో ఏముందో మాత్రమే మనుషుల్ని పంపి చూసి, మొత్తం విస్తీర్ణం అంచనా కట్టారు. గడి ఎంత ఉండాలి, ఎన్ని గళ్లు చూడాలి, ఒక గడి నుంచి ఇంకో గడికి నడవడానికి ఎంత పొద్దు పడుతుంది, ఎన్ని తప్పులు దొర్లుతాయి అని ఖర్చునూ కచ్చితత్వాన్నీ కలిపి లెక్కించారు. 1941 నాటికి అది బెంగాల్ అంతటికీ విస్తరించింది. ఏ డేటా ఎంత సేకరిస్తే చాలు అని ఈనాటి విద్యార్థి ప్రాజెక్టు మొదట్లో వేసుకోవాల్సిన ప్రశ్న అదే. చాలామంది దాన్ని వేసుకోరు. దొరికిన ఫైలుతో మొదలుపెడతారు.

సరిగ్గా ఆ కాలంలోనే ఒక తెలుగు కుర్రవాడు ఈ కథలోకి వచ్చాడు. బళ్లారి ప్రాంతపు హడగలిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావు 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ ముగించాడు. మిలిటరీ సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళితే అది దొరకలేదు. 1941 జనవరి 1న మహలనబిస్ సంస్థలో చేరాడు. కలకత్తా విశ్వవిద్యాలయం అప్పుడే కొత్తగా తెరిచిన స్టాటిస్టిక్స్ ఎంఏలో తొలి జట్టు వాళ్లలో ఆయన ఒకడు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చిన ఆయన వ్యాసం ఒక్కటే మూడు పెద్ద భావాలకు మూలం: ఎంత తెలివైన అంచనా అయినా ఒక హద్దుకు మించి కచ్చితంగా ఉండలేదన్న క్రామర్–రావు హద్దు, ఉన్న అంచనాను మెరుగుపరిచే రావు–బ్లాక్‌వెల్ పద్ధతి, సంభావ్యతా నమూనాల మధ్య దూరాన్ని జ్యామితిగా చూసే దృష్టి. న్యూరల్ నెట్‌వర్క్‌లకు శిక్షణ ఇచ్చే పద్ధతుల్లో కొన్ని ఆ మూడోదాని మీదే నిలబడి ఉన్నాయి.

ఆ తరవాత రావు కేంబ్రిడ్జి వెళ్లింది కూడా ఎముకల కోసమే. సూడాన్‌లోని జెబెల్ మోయా దగ్గర తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలను మహలనబిస్ పద్ధతిలో విశ్లేషించడానికి అక్కడి మానవశాస్త్ర మ్యూజియం పిలిచింది. ఆ పని చేస్తూనే గణాంకవేత్త ఫిషర్ దగ్గర 1948లో డాక్టరేట్ తీసుకున్నాడు. అనేక కొలతలు చూసి ఒక వస్తువు ఏ గుంపుకు చెందుతుందో నిర్ణయించే వర్గీకరణ మీద అదే ఏడు ఆయన ప్రచురించిన వ్యాసాన్ని ఇప్పటివాళ్లు చదివితే మెషిన్ లెర్నింగ్ వ్యాసమనే అనుకుంటారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకొని, ఆ ఆగస్టులోనే 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరిట గణాంక, కంప్యూటర్ శాస్త్రాల సంస్థ ఉంది.

దేశంలోని తొలి డిజిటల్ కంప్యూటర్లలో ఒకటి, బ్రిటన్ నుంచి తెప్పించిన హెచ్‌ఈసీ–2ఎం, మహలనబిస్ సంస్థలోనే 1950ల మధ్యలో పనిచేయడం మొదలుపెట్టింది. 1966లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంతో కలిసి ఇక్కడివాళ్లు సొంతంగా ఒక కంప్యూటర్ కట్టి, రెండు సంస్థల పేర్లూ కలిపి ఐఎస్‌ఐజేయూ–1 అన్నారు.

తెలుగువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన ఘట్టం 1977 నాటిది. శంకర్ కుమార్ పాల్, ద్విజేష్ దత్తా మజుందార్ అనే ఇద్దరు పరిశోధకులు అస్పష్ట సమితుల (ఫజీ సెట్స్) పద్ధతిలో యంత్రం చేత అచ్చులను గుర్తుపట్టించారు. వాళ్లు ఎంచుకున్నవి తెలుగు అచ్చులు. 30–35 ఏళ్ల వయసున్న ముగ్గురు పురుషులు పలికిన మాటల నుంచి తీసిన 871 శబ్దాలు అవి. అచ్చుకు ముందూ వెనకా హల్లు ఉండేలా పలికించారు. ఒక్కో శబ్దానికి మూడు అంకెలు. గొంతు నుంచి వచ్చే నాదం నోటి ఆకృతిని బట్టి కొన్ని పౌనఃపున్యాల దగ్గర ఎక్కువగా మోగుతుంది. ఆ మోతల్లో మొదటి మూడింటిని కొలిచారు. ‘ఇ’ అన్నప్పుడు నాలుక పైకి, ముందుకు పోతుంది కాబట్టి మొదటి అంకె తగ్గుతుంది, రెండోది బాగా పెరుగుతుంది. ‘ఆ’ అన్నప్పుడు నోరు తెరుచుకుంటుంది కాబట్టి మొదటి అంకె పెరుగుతుంది. ‘ఎ’కూ ‘ఇ’కీ మధ్య మాత్రం సరిహద్దు మసక. ఒకరి ‘ఎ’ ఇంకొకరి ‘ఇ’ మీదికి జరుగుతుంది. ఈ మసకే వాళ్లకు కావాల్సింది. ఆరు తరగతులు, మూడు కొలతలు ఉన్న ఈ చిన్న పట్టిక తరవాత దశాబ్దాల పాటు గుంపులు కట్టే పద్ధతులకూ న్యూరల్ నెట్‌వర్క్‌లకూ పరీక్షా పత్రంలా పనికొచ్చింది. ఫ్రెంచివాళ్లో చైనావాళ్లో తమ పద్ధతిని పరీక్షించుకోవడానికి తెలుగు అచ్చుల మీద ప్రయోగించడం వెనక ఉన్న సంగతి ఇది. ఆ 871లో ఆడగొంతు ఒక్కటీ లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఈ మాట మళ్లీ అవసరపడుతుంది.

ఊళ్లో ఉన్నవి

బడ్జ్ బడ్జ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2009లో మొదలైన ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాల. మౌలానా అబుల్ కలాం ఆజాద్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి అనుబంధం. ఈ విశ్వవిద్యాలయాన్ని ఊళ్లో అందరూ ‘మకౌట్’ అంటారు. పశ్చిమ బెంగాల్ సాంకేతిక విశ్వవిద్యాలయం అన్న పాత పేరు పోయి 2015లో ఈ పేరు వచ్చింది. మన జేఎన్‌టీయూల తీరే: సిలబస్, పరీక్ష విశ్వవిద్యాలయానివి, బోధన కళాశాలది. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు మెషిన్ లెర్నింగ్ పాఠ్యాంశంగా వస్తుంది. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లు ఎలెక్టివ్‌ల్లోనూ, చివరి ఏడు ప్రాజెక్టులోనూ అందుకోవాలి.

వాళ్లకు అసలు వెసులుబాటు క్రెడిట్ల లెక్కలో ఉంది. ఏఐసీటీఈ 2018 నమూనా పాఠ్యప్రణాళిక బీటెక్‌ను 160 క్రెడిట్లకు కుదించి, ఆ పైన ఆన్‌లైన్ కోర్సుల ద్వారా 20 క్రెడిట్లు సంపాదించినవాళ్లకు ఆనర్స్ ఇవ్వవచ్చంది. మెకానికల్ విద్యార్థి ఆ 20నీ సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా, మెషిన్ లెర్నింగ్, ఇమేజ్ ప్రాసెసింగ్ అని ఒక వరసలో పెట్టుకుంటే శాఖ మారకుండానే ఈ విద్య చేతికొస్తుంది. ఆచరణలో ఎక్కువమంది తేలిగ్గా పాసయ్యే కోర్సులు ఏరుకుంటారు. ఒకదానికొకటి సంబంధం లేని అరడజను సర్టిఫికెట్లు పోగవుతాయి.

1971లో ఏర్పడిన బడ్జ్ బడ్జ్ కాలేజీ కలకత్తా విశ్వవిద్యాలయం కింద ఉన్న సాధారణ డిగ్రీ కళాశాల. కలకత్తా విశ్వవిద్యాలయం 2023–24 నుంచి నాలుగేళ్ల డిగ్రీకి మారింది. అందులో ప్రధాన విషయంతో పాటు మైనర్లు, బహుశాస్త్ర కోర్సులు, నైపుణ్య కోర్సులు ఉన్నాయి. భూగోళమో, ఎకనామిక్సో ప్రధానంగా తీసుకున్న విద్యార్థి గణితాన్నో కంప్యూటర్నో పక్కన పెట్టుకోగలిగితే దారి సగం తెరుచుకున్నట్టే. కాగితం మీద ఉన్న జోడీలన్నీ ప్రతి కాలేజీలో దొరకవు. అధ్యాపకుల సంఖ్యను బట్టి, టైంటేబుల్‌ను బట్టి తగ్గుతాయి. అడ్మిషన్ ముందే వెళ్లి ఏ మైనర్ నిజంగా నడుస్తోందో అడిగి తెలుసుకోవాలి.

ఊరి పక్క బుయితాలో ప్రైవేటు వైద్య కళాశాల, జగన్నాథ్ గుప్తా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ ఉంది. ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో మెషిన్ లెర్నింగ్‌కు ప్రత్యేక స్థానం లేదు. బయోస్టాటిస్టిక్స్ మాత్రం కమ్యూనిటీ మెడిసిన్‌లో భాగంగా ఉంటుంది. సున్నితత్వం, విశిష్టత, తప్పుడు పాజిటివ్ అన్న లెక్కలు వైద్య విద్యార్థికి అక్కడే తగులుతాయి. ఒక మోడల్ 95 శాతం కచ్చితం అని ఎవరైనా ఊదరగొడితే, జబ్బు వందలో ఇద్దరికే ఉన్నప్పుడు ఆ అంకెకు అర్థమేమిటని అడగగలిగేది ఈ చదువు చదివినవాళ్లే. ఇంజినీరింగ్ విద్యార్థులు ఈ ప్రశ్న దగ్గర తరచుగా తడబడతారు. ఇంజినీరింగ్ కాలేజీ, మెడికల్ కాలేజీ రెండూ ఒకే ఊళ్లో ఉండటం చిన్న సౌకర్యం కాదు.

సియాల్దా లోకల్ మీద

బడ్జ్ బడ్జ్ నుంచి సియాల్దా లోకల్ ఎక్కితే నంగీ, ఆక్రా, సంతోష్‌పూర్, మాజేర్‌హాట్, టాలీగంజ్ మీదుగా బాలీగంజ్ వస్తుంది. ఈ వ్యాసంలోని సంస్థల్లో చాలావాటికి ప్రయాణం ఈ రైలుతోనే మొదలవుతుంది.

టాలీగంజ్‌లో దిగి పక్కనే ఉన్న రవీంద్ర సరోబర్ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే బరానగర్ దాకా వెళ్లవచ్చు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అక్కడి బీటీ రోడ్డు మీద ఉంది. పార్లమెంటు 1959లో చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. బీస్టాట్, ఎంస్టాట్, కంప్యూటర్ సైన్స్ ఎంటెక్‌లతో పాటు 2024లో స్టాటిస్టికల్ డేటా సైన్స్‌లో కొత్త డిగ్రీ మొదలుపెట్టింది. బీస్టాట్ ప్రవేశ పరీక్షలో ఉండేది గణితమే. కోచింగ్ బట్టీ పెద్దగా పనికిరాదు, రుజువు రాయడం రావాలి. ఐఐఎం కలకత్తా, ఐఐటీ ఖరగ్‌పూర్‌లతో కలిసి 2015 నుంచి బిజినెస్ అనలిటిక్స్‌లో రెండేళ్ల పీజీ డిప్లొమా నడుపుతోంది. విద్యార్థులు మూడు ప్రాంగణాల్లోనూ చదువుతారు. 1993లో ఏర్పడిన మెషిన్ ఇంటెలిజెన్స్ యూనిట్, కంప్యూటర్ విజన్ యూనిట్ పరిశోధనకు ప్రధాన స్థానాలు. బంగ్లా ముద్రిత అక్షరాలను చదివే తొలి పూర్తి వ్యవస్థ బిదుభూషణ్ చౌదురి ఆధ్వర్యంలో ఇక్కడ తయారైనదే.

బాలీగంజ్‌లో రైలు మారి రెండు స్టేషన్లు వెళితే జాదవ్‌పూర్. 1955లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయంలో శాఖల మధ్య గోడలు తక్కువని పేరు. ఇంజినీరింగ్ పక్కనే సాహిత్యం, సముద్రశాస్త్రం, భాషాశాస్త్రం ఉన్నాయి. ఇక్కడి పరిశోధక కేంద్రం ఒకటి చేతిరాత అంకెల సేకరణలు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చింది. బంగ్లా, దేవనాగరితో పాటు అందులో తెలుగు అంకెలు కూడా ఉన్నాయి: 32 గళ్లు పొడవు, 32 గళ్లు వెడల్పు ఉండే చిన్న బొమ్మలు 3000. కొత్తగా న్యూరల్ నెట్‌వర్క్ రాసేవాడికి దీనికన్నా మంచి తెలుగు అభ్యాసం దొరకడం కష్టం. తమాషా ఏమంటే, ఈ అంకెలను తెలుగువాళ్లు రోజువారీ రాతలో ఎప్పుడో వదిలేశారు. యంత్రం గుర్తుపడుతుంది, మన పిల్లలు తడుముకుంటారు.

అదే విశ్వవిద్యాలయపు సాంస్కృతిక పాఠాల కేంద్రం రవీంద్రనాథ్ ఠాగూర్ రాతప్రతులు, అచ్చుప్రతులు అన్నింటినీ ఒకచోట చేర్చి 2013లో ‘విచిత్ర’ను తెచ్చింది. ఒకే పద్యం వేర్వేరు ప్రతుల్లో ఎక్కడెక్కడ మారిందో పోల్చిచూపే సాఫ్ట్‌వేర్ అందులో భాగం. కచ్చితంగా చెప్పాలంటే అది మెషిన్ లెర్నింగ్ కాదు. సాహిత్య విద్యార్థులు, ప్రోగ్రామర్లు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఏమవుతుందో మాత్రం చూపుతుంది. తెలుగులో ఇలాంటిది ఇంకా రాలేదు. పరిష్కర్తలు దశాబ్దాలుగా ప్రతులు పోల్చుకుంటున్న మన కావ్యాలకు ఇది ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ఉత్తరాన హరిణ్‌ఘాటా, మోహన్‌పూర్ చుట్టుపక్కల మకౌట్ ప్రధాన ప్రాంగణం, విధాన్ చంద్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఐజర్ కోల్‌కతా దగ్గర దగ్గరగా ఉన్నాయి. వ్యవసాయ డేటా మీద పనిచేయాలనుకునేవాళ్లకు ఈ మూల బాగుంటుంది. బడ్జ్ బడ్జ్ నుంచి రోజూ వెళ్లిరావడం మాత్రం కుదరదు.

ఖరగ్‌పూర్ సంగతి వేరు. రైల్వే పుణ్యమా అని అది సగం తెలుగు ఊరు. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి అక్కడి జనాభా ఒక ముఖ్య కారణం. 1951లో మొదలైన ఐఐటీ అక్కడే ఉంది. 2018లో కృత్రిమ మేధకు ప్రత్యేక కేంద్రం పెట్టారు. ఇతర శాఖల వాళ్లు మైనర్‌గానో, మైక్రో స్పెషలైజేషన్‌గానో ఈ కోర్సులు తీసుకునే వీలుంది.

నార చూసే కన్ను

ఒక శాస్త్రంలోకి మెషిన్ లెర్నింగ్ ఎలా దిగుతుందో తెలుసుకోవడానికి బడ్జ్ బడ్జ్‌లో జూట్‌ను మించిన ఉదాహరణ లేదు. మిల్లుకు వచ్చిన నారను గ్రేడు కట్టడంలో ఆరు గుణాలు చూస్తారు: బలం, లోపాలు, మొదలు భాగంలో గట్టిపడిన పీచు, రంగు, సన్నదనం, సాంద్రత. అనుభవం ఉన్నవాడు గుప్పెడు నార తీసి, వెలుతురుకు పట్టి, రెండు చేతుల మధ్య లాగి, మొదలు వేళ్లతో నలిపి చెప్పేస్తాడు. రైతుకు వచ్చే ధర ఆ మాట మీద నడుస్తుంది. కాబట్టి దాన్ని యంత్రం చేత చెప్పించాలన్న కోరికకు బలమైన కారణం ఉంది.

రంగు, లోపాలు, మొదలు పీచు ఫొటోలో కనిపిస్తాయి. బలం కనిపించదు, దానికి పరికరం కావాలి. విద్యార్థి వెయ్యి ఫొటోలు తీసి, పావువంతు పరీక్షకు పక్కనపెట్టి, మోడల్ నడిపితే 98 శాతం వస్తుంది. సంబరపడేలోపు ఒక సంగతి చూసుకోవాలి. ఒకే కట్ట నుంచి తీసిన ఫొటోలు శిక్షణలోనూ పరీక్షలోనూ పడ్డాయా? పడితే మోడల్ నేర్చుకున్నది నార నాణ్యత కాకపోవచ్చు. ఆ రోజు గోదాములోని వెలుతురో, వెనక ఉన్న నేలో అయ్యుండొచ్చు. పరీక్షకు పెట్టే కట్టలు వేరేవి కావాలి, వీలైతే వేరే జిల్లా సరుకు, వేరే నెల సరుకు కావాలి. వానాకాలంలో తేమకు నార రంగు మారుతుందన్నది ప్రోగ్రామర్‌కు తెలియదు. టెక్స్‌టైల్ చదివినవాడికి మొదటి ఏడాదే తెలుస్తుంది. ముగ్గురు మగవాళ్ల అచ్చుల విషయంలోనూ ఇదే చిక్కు. ఆ ముగ్గురి గొంతులే రెండు వైపులా ఉంటే, నాలుగో మనిషి, అందులోనూ ఒక అమ్మాయి, పలికినప్పుడు ఏమవుతుందో ఆ ఫలితం చెప్పదు.

ఈ పని నేర్చుకోవడానికి చోట్లు దగ్గర్లోనే ఉన్నాయి. బాలీగంజ్ సర్క్యులర్ రోడ్డులో కలకత్తా విశ్వవిద్యాలయపు జూట్, పీచు సాంకేతిక శాఖ ఉంది. టాలీగంజ్ వైపు రీజెంట్ పార్కులో కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన సహజ పీచుల సంస్థ ఉంది. లేబుల్ సరైనదా కాదా అని చెప్పగల మనుషులు ఆ రెండు చోట్లా, మిల్లుల్లోనూ ఉన్నారు. కంప్యూటర్ ల్యాబులో లేరు.

మిగతా శాస్త్రాలు

విద్యుత్: పక్కనున్న పూజాలీలో సీఈఎస్‌సీ 750 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. రేపు ఏ గంటకు ఎంత కరెంటు కావాలో ముందే చెప్పడం ఎలక్ట్రికల్ విద్యార్థికి చక్కని ప్రాజెక్టు. ఉష్ణోగ్రత, వారం, గంట పెడితే మామూలు రోజులు బాగానే వస్తాయి. దుర్గాపూజ వారం మాత్రం లెక్క తప్పిస్తుంది.

భూగోళం: సుందర్‌బన్స్ ఇక్కడికి దగ్గరే. మడ అడవులు ఎక్కడ తగ్గాయో ఉపగ్రహ చిత్రాలు చూసి గుర్తించే పని డిగ్రీ విద్యార్థి కూడా చేయగలడు. 1972 నుంచి ఉన్న లాండ్‌శాట్ చిత్రాలు, 10 మీటర్ల స్పష్టత గల సెంటినల్ చిత్రాలు ఉచితం. పోటు సమయంలో తీసిన చిత్రాన్ని ఆటు సమయపు చిత్రంతో పోల్చి అడవి తగ్గిందని రాసేస్తే మాత్రం మోడల్‌ను తప్పుపట్టి లాభం లేదు.

వైద్యంలో తెలుగు నేలకు చెప్పుకోదగిన చరిత్ర ఉంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2016లో మైక్రోసాఫ్ట్‌తో కలిసి కంటి జబ్బుల డేటా మీద పనిచేయడానికి ఒక అంతర్జాతీయ బృందం ఏర్పాటు చేసింది. భౌతిక, రసాయన శాస్త్రాల వాళ్లను ఇక ఒప్పించనక్కరలేదు. 2024 నోబెల్ భౌతికశాస్త్ర బహుమతి న్యూరల్ నెట్‌వర్క్‌ల పునాదులకు, రసాయనశాస్త్ర బహుమతిలో సగం ప్రొటీన్ ఆకృతులను ఊహించే ఆల్ఫాఫోల్డ్‌కు వెళ్లాయి.

భాషాశాస్త్రంలో ఆదర్శం కావాలంటే కోల్‌కతా వదిలి హైదరాబాద్ చూడాలి. 1998లో మొదలైన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్ బీటెక్‌ను భాషాశాస్త్రంతో కలిపిన ఐదేళ్ల జంట డిగ్రీ ఉంది. సహజ శాస్త్రాలతోనూ, మానవీయ శాస్త్రాలతోనూ అలాంటి జోడీలే ఉన్నాయి. సంధి, సమాసం తెలిసినవాడికి విలువ ఉన్న కంప్యూటర్ కోర్సు అది. ఐఐటీ హైదరాబాద్ 2019లో దేశంలోనే మొదటిసారి కృత్రిమ మేధలో ప్రత్యేక బీటెక్ పెట్టింది. ఆ తరవాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏఐ, ఎంఎల్ అన్న తోకతో సీట్లు వేల సంఖ్యలో పెరిగాయి. తోక చూసి సీటు తీసుకోవడం కన్నా, ఆ కాలేజీలో సంభావ్యత ఎవరు చెబుతున్నారని అడగడం మేలు.

ఇంటి నుంచి, ఆపైన

ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్, 2017లో వచ్చిన స్వయం వేదిక అందరికీ ఉచితం. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో సుదేష్ణా సర్కార్, ఐఐటీ మద్రాసులో బాలరామన్ రవీంద్రన్ చెప్పిన మెషిన్ లెర్నింగ్ పాఠాలు అక్కడ ఉన్నాయి. సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి పరీక్షా కేంద్రానికి వెళ్లాలి. వారం వారం అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో 40 శాతం దాకా కోర్సులను స్వయం ద్వారా చేసుకొనే అవకాశం విశ్వవిద్యాలయాలు ఇవ్వవచ్చు.

ఐఐటీ మద్రాసు 2020లో ఆన్‌లైన్‌లో తెచ్చిన డేటా సైన్స్ డిగ్రీకి జేఈఈ అక్కరలేదు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. పదో తరగతిలో గణితం, ఇంగ్లిషు ఉంటే చాలు. నాలుగు వారాల పాఠాలు చదివి అర్హత పరీక్ష నెగ్గాలి. మధ్యలో మానేసినా ఆ మేరకు సర్టిఫికెటో డిప్లొమానో వస్తుంది. బడ్జ్ బడ్జ్ కాలేజీలో బీకాం చదువుతూ ఇది కూడా చేసేవాడికి నెట్, ఓపిక రెండూ కావాలి. పాఠాలు ఇంట్లోనే, ప్రధాన పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి.

పీజీకి 2024 నుంచి గేట్‌లో డేటా సైన్స్, కృత్రిమ మేధ అన్న ప్రత్యేక పేపర్ వచ్చింది. సిలబస్‌లో ముందు వరసలో ఉన్నవి సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా, కాల్‌క్యులస్. ఆ తరవాతే ప్రోగ్రామింగ్, డేటాబేస్‌లు, మెషిన్ లెర్నింగ్. గేట్ ఇంజినీరింగ్ వాళ్లకే అనుకునే రోజులు పోయాయి. ఆర్ట్స్, కామర్స్, సైన్స్ డిగ్రీ మూడో ఏడు చదివేవాళ్లు కూడా రాయవచ్చు. ఏ సంస్థ ఏ డిగ్రీవాళ్లను చేర్చుకుంటుందన్నది విడిగా చూసుకోవాలి.

పరిశోధన రుచి చూడాలనుకునేవాళ్లకు దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ ఉంది. ఎంపికైనవాళ్లు రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తారు, ఖర్చులకు భత్యం ఇస్తారు. దరఖాస్తు ముందు ఏడాది చలికాలానికే పంపాలి. అందులో ఏం చేయాలనుకుంటున్నారో కొద్ది మాటల్లో రాయమంటారు. ‘మెషిన్ లెర్నింగ్ మీద ఆసక్తి’ అని రాసేవాళ్లు వేలల్లో ఉంటారు. నంగీ నుంచి బడ్జ్ బడ్జ్ దాకా నది ఒడ్డు పాతికేళ్లలో ఎంత కోతపడిందో ఉపగ్రహ చిత్రాల్లో చూస్తాను, ఏ చిత్రాలు, ఏ నెలలవి, ఆటుపోట్లను ఎలా సరిచూస్తాను అని రాసిన దరఖాస్తు వాటి పక్కన వేరుగా కనిపిస్తుంది.